ముందు పూలు, తర్వాత పెట్టె



బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చెలకల గట్ల మీద గునుగు విచ్చుకుంది. తంగేడు పూసింది. పొద్దున్నే పువ్వు కోయడానికి వెళ్తారు కదా. ఈసారి చెయ్యి చాపే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ పువ్వు మీద ఎవరు వాలి ఉన్నారో చూడండి. తంగేడు మీద నల్లటి పెద్ద తుమ్మెద ఉంటుంది. పక్కనున్న కలుపు పూల మీద సన్నగా, గోధుమ రంగులో, ఒంటి మీద చారలతో ఒక ఈగ కనిపిస్తుంది. దాని వెనుక కాళ్ళు చూడండి. రెండు కాళ్ళకూ పచ్చటి ముద్దలు అంటుకుని ఉంటాయి. అది పుప్పొడి. గూటిలో ఉన్న పిల్లలకు తిండి.

తేనెటీగల పెంపకం ఇదిగో, ఇక్కడ మొదలవుతుంది. పెట్టె దగ్గర కాదు. పువ్వు దగ్గర.

సాగర్ రోడ్డు వెంబడి, బొంగుళూరు గేటు నుంచి యాచారం దాకా, ఈ మధ్య చాలామందికి తేనెటీగల మీద మనసు పోయింది. కొందరు పట్నంలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ పది, ఇరవై గుంటల భూమి కొనుక్కుని నాలుగు మామిడి చెట్లు పెట్టుకున్నవాళ్ళు. కొందరు రిటైరైన మాస్టార్లు. కొందరు మంచాల వైపు కూరగాయలు పండించే రైతులు. కలిసినప్పుడల్లా రెండే ప్రశ్నలు అడుగుతారు. పెట్టె ఎంత? తేనె ఎన్ని కిలోలు వస్తుంది?

మంచి ప్రశ్నలే. కానీ ఇవి రెండో ఏడాది అడగాల్సిన ప్రశ్నలు. మొదటి ప్రశ్న వేరే ఉంది. మీ స్థలం చుట్టూ ఒక కిలోమీటరు దూరంలో, ఏ నెలలో ఏ పువ్వు పూస్తుంది? దీనికి జవాబు చెప్పగలిగిన రోజున పెట్టె కొనండి. అందాకా ఆగండి. ముందు పూలు, తర్వాత పెట్టె.

ఒక కిలోమీటరు అని ఎందుకన్నాను? మన దేశపు తొర్ర తేనెటీగ మామూలుగా తిండి కోసం వెళ్ళే దూరం ఇంచుమించు అంతే. పెద్దదైన ఇటాలియన్ తేనెటీగ రెండు, మూడు కిలోమీటర్లు పోతుంది. అంతకు మించి పోతే తెచ్చిన మకరందం రాకపోకల ఖర్చుకే సరిపోతుంది. కాబట్టి ఆ కిలోమీటరే మీ ఈగలకు ప్రపంచం.

సరే, ఇబ్రహీంపట్నంలో ఆ కిలోమీటరు ఎలా ఉంటుంది? నాతో పాటు ఊహలో ఒకసారి నడవండి.

పెద్ద చెరువు నిండితే కింద వరి. కంటికి ఎంత పచ్చగా ఉంటుందో! కానీ తేనెటీగకు అక్కడ మకరందం చుక్క దొరకదు. వరి పువ్వులో తేనె ఉండదు. మొక్కజొన్నలో కూడా అంతే, పుప్పొడి దొరుకుతుంది గానీ తేనె దొరకదు. పచ్చదనం వేరు, పూత వేరు. ఈ మాట మళ్ళీ చెబుతాను. పచ్చదనం వేరు, పూత వేరు. మన కంటికి కరువుగా కనిపించే కంచె దగ్గర, రేగు చెట్ల మధ్య, తేనెటీగకు పండుగ జరుగుతూ ఉండొచ్చు.

వానలు వెనక్కి తగ్గగానే రేగు పూస్తుంది. పువ్వు ఎంత చిన్నదంటే దగ్గరకు పోతే గానీ కనిపించదు. చెట్టు కింద నిలబడితే మాత్రం చెవికి తెలుస్తుంది, చెట్టంతా ఝుమ్మని మోగుతూ ఉంటుంది. ఆ తర్వాత కంది పూస్తుంది. చలి మొదలయ్యేసరికి ఎవరింటి వెనకైనా కుంకుడు చెట్టు ఉంటే అదీ పూతకొస్తుంది. సంక్రాంతి దాటాక మునగ. ఎండలు ముదిరేసరికి వేప, దాని వెనకే రోడ్ల పక్కన కానుగ. మే నెలలో చింత. ఈ చెట్లు ఎవరూ తేనె కోసం నాటినవి కావు. నీడ కోసం, పుల్లల కోసం, పులుపు కోసం పెంచినవి. ఈగల్ని బతికిస్తున్నవి మాత్రం అవే. ఒక వెంచర్ వేసేటప్పుడు గట్టు మీది వేపలు, కానుగలు కొట్టేస్తే, ఆ కిలోమీటరులోని ఈగలకు రెండు నెలల తిండి పోయినట్టే.

కూరగాయల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల పల్లెల నుంచి హైదరాబాదుకు ఎంత కూరగాయ పోతుందో మీకు తెలుసు. ఇందులో టమాటాకు, వంకాయకు తేనెటీగతో పెద్ద అవసరం లేదు. కానీ దోస, కాకర, గుమ్మడి పాదుల దగ్గరకు రండి. వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరకపోతే పిందె నిలవదు. పసుపు పచ్చబడి రాలిపోతుంది, లేదా కాయ ఒక వైపే ఊరి వంకర తిరుగుతుంది. గాలి ఆ పని చేయలేదు, పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. ఎవరో ఒకరు మోసుకు రావాలి. ఈ పువ్వులు పొద్దున్నే విచ్చుకుంటాయి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. ఆ నాలుగైదు గంటల్లో తేనెటీగ వచ్చిందా, కాయ నిలుస్తుంది. రాలేదా, ఆ పువ్వు పోయినట్టే. అందుకే కూరగాయ రైతుకు నేను చెప్పేది ఒకటే. మీరు పెట్టే పెట్టెలో తేనె రాకపోయినా ఫరవాలేదు. దోస పాదు చూసుకోండి, మీ లాభం అక్కడ కనిపిస్తుంది.

కొత్తిమీర ఇక్కడ ఆకు కోసమే వేస్తారు. పూతకు రాకముందే పీకి కట్టలు కడతారు. ఈసారి ఒక్క మడి పీకకుండా వదిలేయండి. చలికాలంలో ఆ మడి తెల్లగా పూస్తుంది. అంత చిన్న పువ్వు మీద ఎన్ని రకాల ఈగలు వాలతాయో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. ధనియాలు మీకు, తేనె వాటికి.

మామిడి గురించి ఒక హెచ్చరిక. మామిడి తోట ఉంది కాబట్టి తేనెకు కొదవలేదని చాలామంది అనుకుంటారు. మామిడి పూత మీద తేనెటీగల కంటే మామూలు ఈగలే ఎక్కువ తిరుగుతాయి. పైగా ఆ పూత సమయంలోనే తేనెమంచు పురుగుకు మందు కొడతారు. ఆ మందు మీ ఈగలకూ తగులుతుంది. అందుకే తోట ఉందా అని అడగను, ఆ తోటలో మందు ఎప్పుడు కొడతారు అని అడుగుతాను.

పూలు చూసుకున్నారు. ఇప్పుడు ఈగ.

మన దగ్గర తేనె పెట్టే ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది కొండ తేనెటీగ. నీళ్ళ ట్యాంకుల కింద, కాలేజీ భవనాల చూరు కింద నల్లగా వేలాడే పెద్ద పట్టు దీనిదే. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ అంచుల నుంచి తీసే తేనె కూడా దీనిదే. ఇది పెట్టెలో ఉండదు. ఆరుబయట ఒకే ఒక్క పట్టు కట్టుకుంటుంది. రెండోది జుంటి తేనెటీగ. చిన్నది. చెట్టుకొమ్మకు అరచేతి వెడల్పున పట్టు పెడుతుంది. ఇదీ పెట్టెలో ఇమడదు. మూడోది తొర్ర తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో చీకట్లో పక్కపక్కన చాలా పట్లు కడుతుంది. చీకటి ఇష్టం కాబట్టి పెట్టెలో పెంచుకోవచ్చు. నాలుగోది ఇటాలియన్ తేనెటీగ. ఇది మన దేశపుది కాదు. 1960లలో హిమాచల్‌లోని నగ్రోటాలో దీన్ని మన దేశంలో నిలదొక్కుకునేలా చేశారు. ఇప్పుడు తేనె వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్నది ఇదే.

మొదలుపెట్టేవాళ్ళు ఏది తీసుకోవాలి?

తేనె ఎక్కువ కావాలంటే ఇటాలియన్ ఈగ. కానీ దాని ఆకలి పెద్దది. పూత అయిపోయినప్పుడు పెట్టెలు లారీలో ఎక్కించుకుని పొద్దుతిరుగుడు వేసిన ఊరికో, కుసుమ వేసిన ఊరికో పోవాలి. అది వృత్తి. సరదాగా, ఇంటి దగ్గర రెండు పెట్టెలు పెట్టుకుని నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నా ఓటు తొర్ర తేనెటీగకే. తేనె తక్కువ ఇస్తుంది. కానీ మన ఎండ, మన చీమ, మన కందిరీగ దానికి తెలుసు. పువ్వు తక్కువగా ఉన్నచోట కూడా సర్దుకుంటుంది. దానికి ఒక్క గుణం ఉంది, నచ్చకపోతే గూడు వదిలి వెళ్ళిపోతుంది. ఆకలైనా వెళ్తుంది, చీమలు పట్టినా వెళ్తుంది, మీరు రోజూ మూత తీసి చూస్తూ ఉన్నా వెళ్తుంది. వెళ్ళిపోయిందంటే మీరు ఏదో గమనించలేదన్నమాట. నేర్చుకోవడానికి ఇంతకంటే నిక్కచ్చి గురువు దొరకదు.

ఈ ఈగకు ఒక గడ్డుకాలం కూడా వచ్చింది. 1991 తర్వాత థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో పాకి, పెట్టెల్లో పెంచుతున్న తొర్ర ఈగల కుటుంబాలను ఎక్కువ భాగం తుడిచిపెట్టేసింది. పురుగు దశలో ఉన్న పిల్లలు సంచుల్లా ఉబ్బి చచ్చిపోయేవి. ఆ దెబ్బకు ఎందరో పెంపకం మానేశారు. తట్టుకుని మిగిలిన ఈగల సంతతే ఇవాళ మనకున్నది. అందుకే ఊరూపేరూ లేనిచోట నుంచి ఈగల్ని కొనకండి. తెరిచి చూపించండని అడగండి. పిల్లలు తెల్లగా, ముత్యాల్లా మెరుస్తూ, గదిలో ముడుచుకుని ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఒక పెట్టె చాలదా, రెండెందుకు అంటారేమో. ఒక్క పెట్టే ఉంటే అది బాగుందో లేదో మీకు తెలియదు. పోల్చడానికి రెండోది ఉండాలి. ఒకదానిలో రాణి చచ్చిపోతే, రెండోదానిలోంచి గుడ్లున్న చట్రం ఒకటి తీసి ఇందులో పెట్టొచ్చు. కూలి ఈగలు ఆ గుడ్లలో నుంచే కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. ఒక్క పెట్టే ఉంటే ఆ దారి ఉండదు. రెండు పెట్టెలతో మొదలుపెట్టండి. రెండు చాలు. పది వద్దు.

ఇప్పుడు పెట్టె గురించి. ఊళ్ళో వడ్రంగి చేత చేయించుకోవచ్చా అంటే, చేయించుకోవచ్చు. కానీ కొలత తప్పకూడదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఒక సంగతి కనిపెట్టాడు. పట్టుకూ పట్టుకూ మధ్య, పట్టుకూ గోడకూ మధ్య ఈగలు నడవడానికి ఒక సందు వదులుకుంటాయి. సెంటీమీటరు కూడా ఉండదు. సందు అంతకంటే ఇరుకైతే బంకతో పూడ్చేస్తాయి. వెడల్పైతే అడ్డంగా కొత్త పట్టు కట్టేస్తాయి. ఆ సందు సరిగ్గా ఉంటే మాత్రం ఖాళీగా వదిలేస్తాయి. అప్పుడే చట్రాలు పుస్తకంలో పేజీల్లా ఒక్కొక్కటే బయటికి తీయగలం, ఒక్క ఈగ చావకుండా. 1910ల్లో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ మన తొర్ర ఈగ ఒంటికి తగ్గట్టు చిన్న పెట్టె తయారు చేశారు. ఇవాళ్టికీ న్యూటన్ పెట్టె అంటారు. కింద పిల్లల గది, పైన తేనె గది. తొర్ర ఈగకు ఆ చిన్న పెట్టే సరి. ఇటాలియన్ ఈగ పెట్టె దీనికి పెద్దదైపోతుంది.

ఎక్కడ పెట్టాలి? రంగారెడ్డి జిల్లా ఎండ మీకు తెలుసు. ఈగలు పిల్లల గదిని ఏడాది పొడుగునా 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుకోవాలి. బయట 42 డిగ్రీలున్నప్పుడు నీళ్ళు మోసుకొచ్చి, లోపల చల్లి, రెక్కలతో విసురుకుంటూ చల్లబరుచుకుంటాయి. ఆ రోజుల్లో తేనె తేవడం మాని నీళ్ళు తెస్తాయి. కాబట్టి పొద్దుటెండ తగలాలి, మధ్యాహ్నం చెట్టు నీడ పడాలి. ద్వారం తూర్పు వైపు. దాని ముందు మనుషులు నడిచే దారి ఉండొద్దు. పక్కనే ఒక తొట్టి, అందులో గులకరాళ్ళు, రాళ్ళు తడిసేంత నీళ్ళు. రాళ్ళు ఎందుకంటే, లేకపోతే ఈగలు మునిగిపోతాయి. మీరు నీళ్ళు పెట్టకపోతే అవి పక్కింటివాళ్ళ నల్లా దగ్గరకు పోతాయి. అక్కడి నుంచి గొడవ మొదలవుతుంది. స్టాండు నాలుగు కాళ్ళూ నీళ్ళ గిన్నెల్లో ఉంచండి. చీమల బాధ సగం అక్కడే తీరుతుంది.

నీడ, నీళ్ళు, చీమలకు అడ్డు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నీడ, నీళ్ళు, చీమలకు అడ్డు.

ఈగల్ని ఎప్పుడు తెచ్చుకోవాలంటే వానలు ఆగాక, దసరా, దీపావళి మధ్య. ముందంతా పూత కాలమే కాబట్టి అవి నిలదొక్కుకుంటాయి. ఏప్రిల్‌లో తెచ్చి మే ఎండలో పెడితే వాటికీ కష్టం, మీకూ కష్టం. తెచ్చేటప్పుడు రాత్రిపూట తలుపు మూసి తేవాలి.

మొదటిసారి మూత తీసే రోజు. ఎండ కాస్తున్న రోజు, గాలి లేకుండా, పొద్దున తొమ్మిది, పదింటికి. లేత రంగు బట్టలు, ముఖానికి జాలి ముసుగు. సెంటు వద్దు. ద్వారానికి ఎదురుగా కాదు, పక్కన నిలబడండి. పొగ డబ్బాలో ఎండిన కొబ్బరి పీచో, పాత గోనెపట్టా ముక్కో వేసి చల్లటి తెల్లపొగ రెండు, మూడు సార్లు వదలండి. పొగ వాసన తగలగానే ఈగలు లోపలికి పోయి కడుపునిండా తేనె తాగుతాయి. కుట్టాలన్న ధ్యాస తగ్గుతుంది. ఒక్కో చట్రం నెమ్మదిగా పైకెత్తి, పెట్టె మీదనే పట్టుకుని చూడండి. రాణి కోసం వెతుక్కోవద్దు. సూర్యుడిని వీపు వైపు ఉంచుకుని గదుల అడుగు చూడండి. ఒక్కో గదిలో ఒక్కో తెల్లటి గుడ్డు, సన్నటి గీతలా, నిలబడి కనిపిస్తుందా? కనిపిస్తే రాణి ఉన్నట్టే, నిన్న, మొన్న గుడ్లు పెట్టినట్టే. ఇక మూసేయండి. వారం, పది రోజులకు ఒకసారి చాలు.

మిగతా రోజుల్లో మూత తీయకుండా ద్వారం పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ఏ రంగు పుప్పొడి వస్తోంది? లోపలికి వచ్చేవి ఎక్కువా, పోయేవి ఎక్కువా? లోపల చీకట్లో తిరిగొచ్చిన ఈగ పట్టు మీద నాట్యం చేస్తూ తోటివాళ్ళకు పూలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. సూర్యుడికి ఏ కోణంలో పోవాలో ఆ నాట్యంలోనే ఉంటుంది. ఇది కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకైతే ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. మనం కష్టపడి గీసుకునే పూల పటం ఆ ఈగలు చీకట్లో అడుగులతో గీసుకుంటున్నాయి.

ఈగ కుడితే? కుడుతుంది. ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. వేళ్ళతో పట్టి లాగకండి, గోటితో పక్కకు గీకేయండి. ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. తర్వాత పక్కకు వచ్చేయండి, ఎందుకంటే ఆ ముల్లు వాసనకు మిగతా ఈగలూ వస్తాయి. వాపు, మంట మామూలే. కానీ ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా, ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే, దయచేసి ఇంటి దగ్గర పెట్టె పెట్టకండి.

ఇక తేనె. మొదటి ఏడాది ఆశ పెట్టుకోవద్దు. పై గదిలో తేనె నిండి, గదులకు మైనం మూత పడితేనే అది పండినట్టు. మూత పడని తేనెలో నీళ్ళు ఎక్కువ, పులిసిపోతుంది. చట్రాన్ని యంత్రంలో తిప్పి తేనె తీసి, ఖాళీ పట్టు మళ్ళీ ఈగలకే ఇచ్చేయాలి. పిండకూడదు. పిల్లల గది జోలికి అసలు పోవద్దు. వానాకాలం నాలుగు నెలలూ వాటికి తిండి తక్కువ, కాబట్టి కొంత తేనె వాటికే వదిలేయాలి. చాలకపోతే ఒక గ్లాసు చక్కెర, ఒక గ్లాసు నీళ్ళు కలిపిన పానకం సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టండి. పానకం పెట్టే రోజుల్లో తేనె తీయకండి. అది తేనె కాదు, మీ చక్కెరే. ఇంకొక్క మాట. పసిబిడ్డకు పుట్టగానే నాలుక మీద తేనె రాయడం మనలో ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెబుతారు. మీ పెట్టెలో తీసిన స్వచ్ఛమైన తేనె అయినా సరే, పెట్టొద్దు.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వారి రూరల్ టెక్నాలజీ పార్కులో తేనెటీగల పెంపకం మీద శిక్షణ ఇస్తారు. హయత్‌నగర్‌లో మన జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడా అడగండి. చేత్తో ఒకసారి చట్రం ఎత్తి చూస్తే నేను ఇంతసేపు చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

పెట్టె తెచ్చుకునే ముందు రోజు మాత్రం ఒక పని చేయండి. చుట్టూ పొలాలున్న రైతుల దగ్గరకు వెళ్ళండి. పత్తి చేను ఉన్నవాళ్ళ దగ్గరకు ముందు వెళ్ళండి, పత్తిలో తేనె ఉంటుంది, మందూ ఎక్కువే పడుతుంది. మందు కొట్టే రోజు ముందుగా ఒక ఫోన్ చేయమని అడగండి. కుదిరితే పొద్దు గూకాక, ఈగలు గూడు చేరాక కొట్టమనండి. తెల్లారగట్ల పూత మీద కొట్టొద్దని చెప్పండి. వాళ్ళ దోస పాదులకు మీ ఈగలు ఏం చేస్తాయో కూడా చెప్పండి. ఫోన్ వచ్చిన సాయంత్రం, ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారానికి జాలి కట్టి, పెట్టె మీద తడి గోనెపట్టా కప్పండి. మర్నాడు మధ్యాహ్నం దాటాక తీసేయండి.